పండ్లు కడుగు నీరు

వేసవిలో తోటనుండి గంపలతో వచ్చిన మామిడిపండ్లను వచ్చినవి వచ్చినట్లు పిల్లలచేతికిచ్చు ఇల్లాలు తెలుగునాట అరుదు. ఇత్తడి గంగాళము నిండ బావినీరు తోడిపోసి, పండ్లనన్నిటిని అందులో వేసి, ముచ్చికల చుట్టు ఎండి నల్లబడిన సొన నానువరకు కదలనీయక, ఆ తరువాత ఒక్కొక్కదానిని చేతితో రుద్ది, గుడ్డతో తుడిచి యిచ్చుట మా యింట నేను పుట్టకమునుపటినుండి వచ్చుచున్న ఆచారము. పండులోని వేడి దిగునని మా నాయనమ్మ చెప్పెడిది. సొన తగిలిన పెదవులు పొక్కునని అమ్మ చెప్పెడిది. కంటికి కనబడని క్రిముల ప్రసక్తి వారిరువురిలో నెవరును తేలేదు. తేవలసిన అవసరము ఆనాడు వారికి తోచనులేదు.

నేడు పండ్ల వర్తకము సాగు ప్రతి దేశములోను ఆ కనబడని సంగతియే ముఖ్యప్రశ్నయై నిలిచినది. వండకుండ పచ్చిగా తిను పదార్థముమీద రోగకారకమగు సూక్ష్మజీవి చేరినచో దానిని తొలగించు ఉపాయమేమి? మంచినీరు చాలునా, లేక నీటిలో క్రిమిసంహారక ద్రవ్యమేదైన కలుపవలెనా? కలిపినచో ఏది, ఎంత, ఎంతసేపు? ఈ ప్రశ్నలనుగూర్చి గత నలువది సంవత్సరములలో జరిగిన పరిశోధనలు వందలకొలదిగ నున్నవి. వానిని చదివినకొలది నాకు దృఢపడిన అభిప్రాయ మొక్కటి కలదు: ఈ మందులు పండును శుద్ధి చేయుటలో కనబరచు శక్తి స్వల్పము; పండును కడుగు నీటిని శుద్ధముగ నిలుపుటలో కనబరచు శక్తి మహత్తరము. ఈ భేదమును గుర్తింపనిచోట్లనే పెద్ద అనర్థములు సంభవించినవి.

పండువలన ప్రాణాపాయమా యని చిరకాలము ఎవరును శంకింపలేదు. విషూచి, సన్నిపాతజ్వరము మొదలగునవి నీటినుండియు, పాలనుండియు, మాంసమునుండియు వచ్చునని తెలియును గాని, పండునకు తొక్క కవచమనియు, లోని పులుపు క్రిములకు శత్రువనియు లోకమున నమ్మకముండెను. 1996లో అమెరికాలో ఆ నమ్మకము చెదరినది. కాచి వడకట్టకుండ సీసాలకెత్తిన ఆపిలురసము త్రాగి ఆ దేశపు పశ్చిమ రాష్ట్రములందును, కెనడాలోను అరువదిమందికి పైగా జబ్బుపడిరి. ఒక పసిబిడ్డ మరణించినది. పశువుల పేడనుండి వచ్చు ఇ. కోలై ఓ157 అను క్రిమి దానికి కారణము. పులుపు దానిని చంపలేదు. చెట్టుక్రింద రాలి, పశువులో జింకలో తిరిగిన నేలనంటిన కాయలు రసమునకు వాడబడియుండవచ్చునని అప్పుడు అనుమానించిరి. రాలినకాయను వేరుచేసి ఏరుట మన రైతునకు తెలియని విద్యకాదు. రాలినది ఊరగాయకును, కోసినది మండీకిని పోవుట మన తోటలలో వాడుకయే. దెబ్బతిన్న కాయ త్వరగ క్రుళ్లునను భయముతో పుట్టిన ఆ వాడుకకు ఇప్పుడు బలవత్తరమైన మరియొక కారణము దొరికినది.

ఇ. కోలై గాక ఈ కథలో ముఖ్యపాత్రలు రెండు. ఒకటి సాల్మొనెల్లా, పశుపక్ష్యాదుల ప్రేవులే దాని నివాసము. రెండవది లిస్టీరియా. శస్త్రచికిత్సలో కార్బాలికు ఆమ్లమును వాడి వేలమంది ప్రాణములు నిలిపిన జోసెఫు లిస్టరు గౌరవార్థము ఆ పేరు పెట్టిరి. అది మట్టిలో నుండును, తడినేలమీద నుండును, మురుగుకాలువ అంచున నుండును. శీతలపేటికలోని 4 డిగ్రీల చలిలో కూడ మెల్లగ పెరుగును. బలవంతులకు దానివలన హాని తక్కువ. గర్భిణులకును, వృద్ధులకును అది మృత్యుసమానము. బత్తాయి, ద్రాక్ష వంటి పుల్లని పండ్లలో ఇవి వృద్ధిపొందుట కష్టము గాని, కర్బూజ, పుచ్చ, బొప్పాయి వంటి పులుపు లేని పండ్లు కోసిపెట్టినచో వానికి విందు పెట్టినట్లే. తొక్కమీద నుండునంతవరకు నిద్రించుచున్న క్రిమి, కత్తితోపాటు గుజ్జులోనికి దిగినక్షణమున మేల్కొనును. తొక్క పారవేయుదుముగదా, కడుగుటెందులకను మాట అందుచేతనే నిలువదు.

ఇక తొక్క స్వభావము. కంటికి నునుపుగ కనబడు మామిడితొక్కను భూతద్దములోనుండి చూచినచో చుక్కలు చుక్కలుగ శ్వాసరంధ్రములు, మైనపుపూత, గీతలు, రెమ్మల ఒరిపిడికి లేచిన పొరలు కనబడును. ముచ్చిక విరిగినచోట నాళములు తెరచుకొనియుండును. కర్బూజ తొక్క చెప్పనే అక్కరలేదు. వలవలె అల్లుకొన్న దాని నారగీతల సందులలో ఒక పూట ధూళి ఒక సంవత్సరము నిలువగలదు. మన సీతాఫలపు కన్నుల నడిమి సందులు కూడ అట్టివే. మైనపుపూతమీద నీరు పరచుకొనక ముత్యములవలె జారిపోవును. సందులలో గాలిబుడగ నిలిచి నీటిని లోనికి పోనీయదు. క్రిమియో, అతిసూక్ష్మము, ఒకచోట స్థిరపడి కొన్ని గంటలు గడచినచో తనచుట్టు జిగురుపొర నల్లుకొని, ఆ పొరలో సకుటుంబముగ వసించును. కావున మందు ఎంత తీక్ష్ణమైనదైనను అది క్రిమిని తాకినప్పటి మాటయే మాట. పరీక్షనాళికలో అర నిమిషములో చచ్చిన క్రిమియే పండుమీద అదే మందులో పది నిమిషములున్నను బ్రదికి బయటపడుట పరిశోధకులకు తరచు కనబడిన సంగతి.

ఈ మందులలో మొదటిస్థానము క్లోరినుదే. 1847లో వియన్నా ప్రసూతివైద్యశాలలో ఇగ్నాజు సెమ్మెల్వైసు వైద్యవిద్యార్థులచేత క్లోరిను సున్నపునీటిలో చేతులు కడిగించి బాలింతల మరణములను తగ్గించుట, 1908లో అమెరికాలోని జెర్సీ నగరపు త్రాగునీటిలో క్లోరినును నిత్యమును కలుపుట ప్రారంభించుట, వరదలు తీసిన తరువాత మన పల్లెల బావులలో బ్లీచింగు పౌడరు చల్లుట, ఇవన్నియు ఒకే కుటుంబమునకు చెందిన క్రియలు. చవుక, అంతట దొరకును, ఉపయోగము సులభము. తాజా బ్లీచింగు పౌడరులో నూటికి ముప్పదిపాళ్లు పనికివచ్చు క్లోరిను ఉండుననుకొన్నచో, ఒక గ్రాము పొడి మూడు లీటర్ల నీటికి పదిలక్షల పాళ్లకు నూరుపాళ్ల బలమునిచ్చును. పండ్లశాలలలో సాధారణముగ వాడు బలము 50 మొదలు 200 పాళ్లు. ముంచియుంచు కాలము ఒకటి రెండు నిమిషములు.

వినుటకు ఇంత తేలికగ నున్న ఈ పనిలో చిక్కులు రెండు కలవు. క్లోరిను నీటిలో కలిసినపుడు హైపోక్లోరసు ఆమ్లముగను, హైపోక్లోరైటుగను రెండు రూపములు దాల్చును. క్రిమిని చంపుటలో మొదటిది వీరుడు, రెండవది మందుడు. నీటి ఆమ్లక్షార సూచిక 7.5 ఉన్నపుడు రెండును సరిసగము; 6.5కు దిగినచో నూటికి తొంబదివరకు వీరుడే, 8.5కు పెరిగినచో వీరుని భాగము పదింట ఒకటి. మన మెట్టప్రాంతపు బోరునీరు పెక్కుచోట్ల క్షారగుణము కలది. బ్లీచింగు పౌడరులోని సున్నము దానిని మరింత క్షారము చేయును. వాసన ఘాటుగ వచ్చుచున్నదిగదాయని తృప్తిపడినచోట అసలు పని పాతికవంతు కూడ జరుగకపోవచ్చును. కొలతప్రకారము నిమ్మఉప్పు కలిపి సూచికను 7కు అటునిటుగ నిలుపవలెను. మితిమీరి కలిపినచో విషవాయువు లేచి పనివారి కండ్లను, ఊపిరితిత్తులను బాధించును. రెండవ చిక్కు మట్టి. క్లోరినునకు క్రిమి యనియు, ఆకు యనియు, మట్టి యనియు, సొన యనియు వివక్షలేదు. దొరకిన సేంద్రియ పదార్థమునెల్ల దహించి తాను నశించును. ఉదయము 100 పాళ్లున్న తొట్టి పది గంపల కాయలు మునుగునప్పటికి పది పాళ్లకు దిగుట వింతకాదు.

అన్నియు సక్రమముగ జరిగినచో ఫలితమెంత? ప్రపంచ ఆరోగ్యసంస్థ కోరికపై జార్జియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు లారీ బ్యూచాటు 1998లో అప్పటి పరిశోధనలనెల్ల సమీక్షించి వ్రాసిన గ్రంథము ఈ విషయమున నేటికిని మూలస్తంభము. ఆయన సమీక్షలోను, తరువాతి పరీక్షలలోను తేలిన సారమిది: క్లోరినునీటిలో కడిగిన పండుమీది క్రిములు సామాన్యముగ పదింట ఒక వంతునకో, నూటికొక వంతునకో తగ్గును. నూటికి తొంబదితొమ్మిది నశించినవన్న మాట ప్రకటనలలో ఘనముగ వినబడును గాని, లక్ష క్రిములున్నచోట మిగిలినవి వేయి. పది క్రిములే జబ్బుచేయగల ఇ. కోలై ఓ157 వంటి శత్రువువిషయమున ఆ వేయి తక్కువ సంఖ్యకాదు. అంతేకాదు, కోసిన కర్బూజ వేసవి ఎండలో నున్నపుడు, అనుకూల పరిస్థితులలో ఇరువది నిమిషములకొకసారి రెట్టింపగు క్రిమి, పదింట తొమ్మిదివంతులు పోయినను మూడు నాలుగు రెట్టింపులలో, అనగా గంటయుం బావులో, పోయిన సంఖ్యను తిరిగి సంపాదించుకొనును. పారు ఉత్తనీటితో కడిగి చేతితో రుద్దినచో కూడ పదింట తొమ్మిదివంతులు పోవుట పెక్కు పరీక్షలలో కనబడినది. కావున పండుమీదనే దృష్టినిలిపి లెక్కించినచో, మందుగల నీటికిని మందులేని మంచినీటికిని నడుమ అంతరము మనము ఊహించునంత పెద్దది కాదు.

అమెరికా ప్రభుత్వము ఈ సత్యమును శాసనములోనే అంగీకరించినది. 1996 నాటి దుర్ఘటన తరువాత 2001లో చేసిన పండ్లరసముల నియమములలో లక్ష క్రిములలో ఒక్కటికి మించి మిగులని చికిత్స జరుగవలెనని విధించి, నారింజ జాతి పండ్లకు మాత్రము, తొక్క దెబ్బతినని మంచి కాయలైనచో, పైతొక్కకు చేయు చికిత్సను ఆ లెక్కలో చేర్చుకొనవచ్చుననిరి. ఆపిలునకు ఆ అవకాశమీయలేదు. దాని రసమునే కాచవలెను, లేక సరితూగు మరియొక చికిత్స చేయవలెను. తొడిమగుంటలోను, క్రిందిపువ్వు గుంటలోను దాగిన క్రిమిని ఏ కడుగుడును చేరలేదని వారు గ్రహించిరి.

ఇంతవరకు చెప్పినది మందు చాలకపోవుటనుగూర్చి. నీరే శత్రువైన కథ ఇంకొకటి కలదు. అది మన ఫలరాజమునకు సంబంధించినది కనుక కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. మామిడిపండ్లలో నుండు ఈగపురుగు తమ దేశమునకు రాకుండుటకై అమెరికావారు పూర్వము ఇథిలీను డైబ్రోమైడు ధూపము వేయించెడివారు. అది కేన్సరు కారకమని తేలి 1980 దశకములో నిషేధింపబడగా, దానికి బదులు పండ్లను 46 డిగ్రీల వేడినీటిలో, పరిమాణమునుబట్టి గంటకుపైగ, ముంచు పద్ధతి వచ్చినది. పురుగు చచ్చును, మందు అంటదు, ఇంతకన్న శుభ్రమైన మార్గమేమున్నదని అందరు సంతోషించిరి. 1999 సంవత్సరాంతమున ఆ దేశములోని 13 రాష్ట్రములలో 78 మంది సాల్మొనెల్లా న్యూపోర్టు అను రకముచేత జబ్బుపడిరి, ఇరువురు మరణించిరి. ఆరా తీయగా వారు తిన్న మామిడిపండ్లు బ్రెజిలు దేశమందలి ఒకే తోటనుండి వచ్చినవని తేలినది. ఆ తోటవారు ఐరోపాకు కూడ పండ్లు పంపిరి. ఐరోపావారు వేడినీటి చికిత్స కోరలేదు గనుక ఆ పండ్లకు అది జరుగలేదు. అక్కడ జబ్బు పుట్టిన వార్తయు లేదు.

కారణము భౌతికశాస్త్రపు మొదటిపాఠములలోనిది. వేడినీటిలో నున్న పండు లోపలి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోవును. ఆ పండును వెంటనే చల్లని నీటి తొట్టిలో వేసినచో లోనిగాలి సంకోచించి శూన్యమేర్పడును. ఆ శూన్యమును నింపుటకు ముచ్చికరంధ్రముగుండ చుట్టునున్న నీరు లోనికి పీల్చబడును. నీటిలో క్రిమి యున్నచో అదియు లోనికేగును. టమాటాల విషయములో ఈ సంగతిని ఫ్లోరిడాలో బార్ట్జు, షోవాల్టరు అను శాస్త్రజ్ఞులు 1981లోనే చూపియుండిరి. అందుచేతనే అక్కడి టమాటాశాలలలో తొట్టినీరు కాయలోపలి వేడికంటె పది ఫారన్‌హీటు డిగ్రీలు ఎక్కువ వెచ్చగ నుండవలెనను నియమము పుట్టినది. మామిడిపండ్లమీద తరువాత జరిగిన ప్రయోగములలో కూడ, వేడినీటినుండి తీసి సాల్మొనెల్లా కలిపిన చల్లనినీటిలో ముంచిన పండ్లలో ఎక్కువభాగము ఆ క్రిమిని లోనికి పీల్చుకొన్నట్లును, ముచ్చికవైపు గుజ్జులో అది అధికముగ చేరినట్లును ఋజువైనది. ఒకసారి గుజ్జులోనికి పోయిన క్రిమిని పైన ఎంత మందు పోసి కడిగినను ఏమి ప్రయోజనము?

ఇది చదివిన రాత్రి నాకు మా గంగాళము జ్ఞాపకము వచ్చినది. మిట్టమధ్యాహ్నపు ఎండలో కోసి తెచ్చిన పండు, చల్లని బావినీరు, గంటలకొలది నానుడు: బ్రెజిలు తొట్టిలో జరిగినదే చిన్నపాటిగ మన పెరటిలోను జరుగుటకు అవకాశమున్నది. పెద్దల ఆచారమును తప్పుపట్టుట నా ఉద్దేశముకాదు. సొన పోవుటకు నానుట మంచిదే. కాని పండ్లను మొదట నీడలో పరచి వానివేడి దిగనిచ్చి, ముచ్చికను తీయక, త్రాగుటకు పనికివచ్చు నీటిలోనే నానబెట్టి, ఒక గంపకు వాడిన నీటిని మరియొక గంపకు వాడకుండ పారబోసినచో ఆచారమును దక్కును, ఆరోగ్యమును దక్కును. ఎగుమతి శాలలవారికిది మరింత అవసరము. 2014లో ఐరోపావారు ఈగపురుగు కారణముగ మన మామిడిని నిలిపివేసినది మొదలు వేడినీటి చికిత్సకు మనదేశములో ప్రాముఖ్యము హెచ్చినది. ఆ చికిత్స వెనుక వచ్చు చల్లార్చు తొట్టిమీదనే కాపలా గట్టిగ నుండవలెను. అమెరికాకు 2007నుండి మనము పంపు పండ్లు వికిరణచికిత్స పొందుచున్నవి గనుక ఆ మార్గములో ఈ బెడద లేదు.

కర్బూజ కథ ఇంకను ఘోరమైనది. 2011లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు తోట ఒకదానినుండి వచ్చిన కర్బూజలవలన 28 రాష్ట్రములలో 147 మందికి లిస్టీరియా సోకి 33 మంది మరణించిరి. పరీక్షకులు పొలములో వెదకిరి. అక్కడ క్రిమి దొరకలేదు. పండ్లుకట్టు శాలలో వివిధస్థలములనుండి తీసిన 39 నమూనాలలో 13 నమూనాలయందు దొరకినది. నేలమీద నీరు మడుగుకట్టియున్నది. యంత్రము బంగాళదుంపలు కడుగుటకు పుట్టినది. దానిని విప్పి శుభ్రపరచుట దుష్కరము. పండ్లను కడుగు నీటిలో క్రిమిసంహారక మేదియు లేదు. పొలపు వేడితోనే శీతలగదికి చేర్చిన కాయలమీద చెమ్మ పట్టి క్రిమికి ఆ తడి వరమైనది. కడుగుట మేలుకొరకే యని తలచిన చోట, కడిగిన యంత్రమే క్రిమిని పంచిపెట్టినది. ఏడు సంవత్సరముల తరువాత, 2018లో, ఆస్ట్రేలియాలోను కర్బూజలవలననే 22 మందికి లిస్టీరియా సోకగా ఏడుగురు మరణించిరి.

ఈ సంఘటనలతోపాటు స్పెయినులోని మూర్సియా నగరమందలి పరిశోధనాలయము మొదలగుచోట్ల జరిగిన దీర్ఘపరీక్షలు శాస్త్రజ్ఞుల దృష్టిని త్రిప్పివేసినవి. తొట్టిలో వేయి కాయలు మునుగును. అందులో ఒక్క కాయమీద పక్షిరెట్ట యున్నదనుకొందము. మందులేని నీటిలో ఆ రెట్టలోని క్రిమి కరగి, మిగిలిన తొమ్మిదివందల తొంబదితొమ్మిదిటికిని అంటుకొనును. నీటిలో తేలు క్రిమికి జిగురుపొర లేదు, దాగు సందు లేదు. స్వల్పమైన క్లోరిను సోకినను క్షణములలో చచ్చును. కావున తొట్టిలో మందు కలుపుట ఆ ఒక్క కాయను పవిత్రము చేయుటకు కాదు, మిగిలినవానిని కాపాడుటకు. 2015లో అమెరికావారు చేసిన నియమములో, కోసిన పంటకు తగులు నీటిలో నూరు మిల్లీలీటర్లకు ఒక్క ఇ. కోలై కూడ కనబడరాదని వ్రాసిరి.

కొన్ని యేండ్లక్రిందట చిత్తూరు ప్రాంతములో నేనొక మామిడిగుజ్జు కర్మాగారమును చూడబోయితిని. తోతాపురి కాయలు లారీలనుండి దిగి, మాగి, సిమెంటు తొట్టిలో పడి, పట్టామీద పైకి పోవుచుండెను. ఉదయము ఏడుగంటలకు తొట్టినీరు అడుగు కనబడునట్లున్నది; పదిగంటలకు చిక్కని టీ రంగు తిరిగినది, పైన ఆకులు, సొనతెట్టు. నాతో వచ్చిన మిత్రుడు జేబులోనుండి క్లోరినును కొలుచు పరీక్షకాగితము తీసి ముంచెను. కాగితము రంగు మారనేలేదు. తొట్టికడనున్న కుఱ్ఱవానిని అడుగగా, “పొద్దన్నే రెండు దోసిళ్లు ఏసినాము సార్. మళ్లా రేపు పొద్దన్నే,” అని సమాధానము. అతడు చెప్పినపని చెప్పినట్లు శ్రద్ధతో చేయుచున్నాడు. ఆ పని యెందుకో అతనికెవ్వరును చెప్పలేదు. గుజ్జు తరువాత కాగి డబ్బాలకెక్కును గనుక అక్కడ ఆపద లేదు. తాజాపండ్లను కడిగి పెట్టెలకెత్తు శాలలలో తరువాత కాచుట యన్నది లేదు. గంటకొకమారు ముంచవలసిన ఆ చిన్న కాగితము ఖరీదు చాల తక్కువ. అది ముంచు అలవాటుకు మాత్రము శిక్షణయు, పర్యవేక్షణయు కావలెను.

క్లోరినునకు బదులుగ వచ్చిన ద్రవ్యములు అనేకము. పెరాసెటికు ఆమ్లము వానిలో నేడు ముందున్నది; పని ముగిసినపిదప అది సిరకాములోని ఆమ్లముగను, నీరుగను, ఆమ్లజనిగను విడిపోవును, మట్టినీటిలో కూడ క్లోరినంత త్వరగ అలసిపోదు; అమెరికాలో దాని పరిమితి పదిలక్షలకు 80 పాళ్లు. క్లోరిను డయాక్సైడుకు 3 పాళ్లే చాలును గాని, వాడుచోటనే తయారుచేసికొనవలెను. ఓజోను మహాతీక్ష్ణము, 2001లో అచ్చట దానికి ఆహారములందు అనుమతి లభించినది, అవశేషమేమియు మిగులదు, కాని నీటిలో నిలువదు, పనివారి ఊపిరికి మంచిది కాదు. హైడ్రొజను పెరాక్సైడు, విద్యుత్తుతో చేసిన ఉప్పునీరు, లాక్టికు ఆమ్లము, ఇవియు కలవు. బాక్టీరియాను తిను వైరసులను వాడిచూచిరి. కోసిన తియ్యకర్బూజమీద అవి చక్కగ పనిచేసి, ఆపిలుముక్కల పులుపులో చతికిలబడినవి. పండుమీద వీనిలో ఏదియు క్లోరినుకంటె గొప్ప అద్భుతము చేసినట్లు నాకు కనబడలేదు. క్రిములను పదింట ఒక వంతునకో, నూటికొక వంతునకో తగ్గించుటలోనే అన్నిటి ఆట. ఏది ఎంచుకొనవలెననునది నీటి స్వభావమును, ఖర్చును, పనివారి క్షేమమును బట్టి నిర్ణయింపవలసిన సంగతి. క్లోరినువలన పుట్టు ఉపద్రవ్యములకు వెరచి జర్మనీ, నెదర్లాండ్సు మొదలగు దేశములు కోసిన కూరలు పండ్లు కడుగుటలో దానిని ఒప్పుకొనవు. ఆ భయము నిరాధారము కాదు. కాని మంచినీటి సరఫరాయే నమ్మదగనిచోట ఆ ఆదర్శమును ఎత్తుకొనుట నేల విడిచి సాముచేయుట. కర్బూజవంటి గట్టితొక్క పండునకు మందుకన్న వేడి మేలని నా నమ్మకము; సుమారు 76 డిగ్రీల నీటిలో రెండు మూడు నిమిషములుంచినచో, లోనిగుజ్జు చెడకుండ, పైసందులలోని క్రిములు మందునీటిలో కంటె ఎన్నో రెట్లు తగ్గినవి.

ఏ కడుగుడునకును లొంగనివి కూడ కలవు. స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ వంటి మెత్తని పండ్లు తడి తగిలినచో క్రుళ్లును గనుక పొలములోనే పెట్టెకెక్కును. 1996లో గ్వాటెమాలా రాస్ప్‌బెర్రీలవలన అమెరికా కెనడాలలో 1,465 మందికి విరేచనముల జబ్బు కలిగించిన సైక్లోస్పోరా పరాన్నజీవికి క్లోరిను లక్ష్యమే లేదు. అట్టిచోట తోటకు పెట్టు నీరును, కోయువాని చేతులును శుభ్రముగ నుండుటయే శరణ్యము. కోతపనివారికి మరుగుదొడ్డి, సబ్బు, నీరు సమకూర్చని తోటయజమాని తన పండ్లను ఎన్ని మందులలో ముంచినను లాభములేదు.

ఇండ్లలో జరుగు ప్రయోగములనుగూర్చి నన్ను చాలమంది అడుగుదురు. ఉప్పునీరు పురుగులను బయటికి రప్పించును గాని, వంటింటి మోతాదులో క్రిములను చంపదు. పొటాషియం పర్మాంగనేటు ద్రాక్షకు ఊదారంగు పట్టించుటకన్న నమ్మదగిన మేలేదియు చేయదు. తినుసోడా ఆపిలుమీది పురుగుమందును పన్నెండు పదునైదు నిమిషములలో చాలవరకు పోగొట్టునని 2017లో మసాచుసెట్సులో తేలిన మాట నిజమే. అది పురుగుమందు సంగతి, క్రిముల సంగతి కాదు. కరోనా దినములలో పండ్లకు సబ్బురుద్దిన ఇండ్లు నాకు తెలియును. తొక్క రంధ్రములలో సబ్బు ఇంకి కడుపులోనికి పోవును, అది కూడదు. తినబోవు ముందు, కోయకముందు, పారునీటిక్రింద రుద్ది కడిగి, పొడిగుడ్డతో తుడుచుటకు మించినది ఇంటిలో నాకు తోచలేదు. తుడుచుటవలన మిగిలినవి మరికొన్ని పోవును. తడి లేనిచోట క్రిమి పెరుగదు.

మా ఊరి బస్సుస్టాండు ముందు వేసవిలో నిలుచు కోసినపండ్ల బండ్లను ప్రతిదినము చూచుచుందును. పుచ్చకాయ, బొప్పాయి, అనాస ముక్కలు మంచుగడ్డమీద ఎఱ్ఱగ పచ్చగ మెరయుచుండును. బండిక్రింద ఒక బక్కెటు. కాయ ముంచినది అందులోనే, కత్తి కడిగినది అందులోనే, చేయి తుడుచుకొన్న గుడ్డ పిండినది అందులోనే. కొలరాడో యంత్రమునకును ఈ బక్కెటునకును పరిమాణములోనే భేదము. వారిలో ఒక పెద్దమనిషితో నాలుగైదు మధ్యాహ్నములు కూర్చుండి మాటలాడితిని. ఆయన ఓపికతో వినెను. ఇప్పుడు కాయను బక్కెటులో ముంచుట మాని, కాలువ అంచున పెట్టి, పైనుండి చెంబుతో నీరు పోయుచు కుంచెతో రుద్ది, ఆ నీటిని అటే పోనిచ్చుచున్నాడు. కత్తికి వేరుగ గిన్నె పెట్టినాడు. గంటలో అమ్ముడుపోవునన్ని ముక్కలే కోయుచున్నాడు. “నీళ్లు మూడింతలు పడుతున్నాయండీ, మునిసిపాలిటీ కుళాయి చూస్తే ఆ మూల. మోయలేక చస్తున్నాను,” అని ఆయన మొన్న నాతో అనెను. బస్సుస్టాండులో ఆయన బండికి పదిగజములలో కుళాయి పెట్టించుటకు ఎంత గొట్టము కావలెనో నేను అడుగులతో కొలిచివచ్చితిని, నూటయిరువది అడుగులు.